చెప్పడం వేరు, మాట్లాడుకోవడం వేరు

మా అత్తయ్యగారికి షుగరుందని తేలిన రోజు నుంచీ మా ఇంట్లో రాత్రి భోజనాల వేళ కాస్తా ఉపన్యాసాల వేళ అయిపోయింది. ఉపన్యాసకురాలిని నేనే.

"రాత్రిపూట అన్నం మానెయ్యండి అత్తయ్యా, రెండు జొన్నరొట్టెలు తింటే ఎంత తేలిగ్గా ఉంటుందో!" అనేదాన్ని.

"అలాగేలేమ్మా" అనేవారు ఆవిడ ఎంతో మర్యాదగా. మర్నాడు రాత్రి మామూలే. "రెండు ముద్దలు పెరుగన్నం కడుపులో పడకపోతే నిద్ర పట్టదమ్మాయ్" అంటూ కంచం ముందుకి జరిపేవారు. డాక్టరు చెప్పాడు. మావారు చెప్పారు. బెంగుళూరు నుంచి మా మరిది ఫోనులో చెప్పాడు. ఆరు నెలలు గడిచాయి. పెరుగన్నం పెరుగన్నంలాగే ఉంది.

ఓ సాయంత్రం మా వీధి పెద్దావిడలు నలుగురు మా వరండాలో కూర్చుని కబుర్లు చెప్పుకుంటున్నారు. నలుగురికీ షుగరే! ఒకావిడ "రొట్టె నమలలేక చస్తున్నా" అంది. "కూర కాస్త జారుగా చేయించుకో, నానుతుంది" అంది ఇంకొకావిడ. "నాకోసం వేరే వండమని కోడల్ని ఎలా అడగనూ?" అని మూడో ఆవిడ సందేహం. అరగంట అయ్యాక తేలిందేమిటంటే, వచ్చే సోమవారం నుంచీ నలుగురూ రాత్రి అన్నం మానెయ్యాలి. ఆ పై సోమవారం మళ్ళీ కలిసి ఎవరెలా ఉన్నారో చెప్పుకోవాలి.

అత్తయ్యగారు లోపలికొచ్చి "అమ్మాయ్, సోమవారం నుంచి నాకు రాత్రి అన్నం వండకు" అన్నారు తాపీగా.

సంతోషించాలో ఉడుక్కోవాలో తెలియలేదు నాకు. నిజం చెప్పొద్దూ, ఉడుక్కున్నాను. ఆరు నెలలు నేను చెప్పింది చెవికెక్కలేదు, అరగంట వరండా కబుర్లు ఎక్కాయి!

మీ ఇళ్ళలోనూ ఇలాంటిది జరిగే ఉంటుంది. ఇది మనుషుల మొండితనమని సరిపెట్టుకుంటాం. కానీ ఎనభై ఏళ్ళ కిందట, రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో, అమెరికాలోని ఓ చిన్న ఊళ్ళో ఒకాయన సరిగ్గా ఈ సంగతినే పట్టుకుని గృహిణుల మధ్య పరీక్ష చేసి చూశాడు. ఓ నవల కోసం ఆ యుద్ధకాలపు సంగతులు చదువుతుంటే నాకు తగిలాడాయన. పేరు కర్ట్ లెవిన్. నవల పక్కనపెట్టి ఆయన వెంట పడ్డాను.

లెవిన్ 1890లో మొగిల్నో అనే పల్లెటూళ్ళో పుట్టాడు. అప్పుడది జర్మనీ ఏలుబడిలో ఉండేది, ఇప్పుడు పోలండులో ఉంది. తండ్రికి చిన్న కొట్టు ఉండేది. యూదుల కుటుంబం. మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మనీ తరఫున పోరాడి గాయపడ్డాడు. తర్వాత బెర్లిన్ విశ్వవిద్యాలయంలో మనస్తత్వ శాస్త్రం చెప్పేవాడు. ఆయన శిష్యుల్లో ఆడపిల్లలు చాలామందే ఉండేవారు. బ్లూమా జైగార్నిక్ వాళ్ళలో ఒకామె. కాఫీ హోటల్లో సర్వరు, ఎవరెవరు ఏమేం తిన్నారో కాగితం లేకుండా బిల్లు కట్టేదాకా గుర్తుపెట్టుకుంటాడు. డబ్బు చేతిలో పడగానే మర్చిపోతాడు. లెవిన్ దీన్ని గమనించి శిష్యులతో చర్చ మొదలుపెట్టాడని చెబుతారు. ఆ ముక్క పట్టుకుని పరీక్షలు చేసిన జైగార్నిక్, పూర్తయిన పనికన్నా సగంలో ఆగిన పనే మనసులో ఎక్కువగా నిలుస్తుందని 1927లో రాసింది. పొయ్యిమీద పాలు పెట్టి పేరంటానికి వెళ్ళిన ఇల్లాలిని అడిగితే ఈ మాట పరీక్ష లేకుండానే చెప్పేది, అది వేరే సంగతి!

1933లో హిట్లరు అధికారంలోకి వచ్చాడు. లెవిన్ ఉద్యోగం వదిలి భార్యాబిడ్డలతో అమెరికా చేరాడు. అక్కడ మొదట దొరికిన కొలువు ఎక్కడనుకున్నారు? కార్నెల్ విశ్వవిద్యాలయంలో, మనం హోమ్ సైన్స్ అంటామే, ఆ విభాగంలో. రెండేళ్ళ తర్వాత, 1935లో, అయోవా రాష్ట్రంలో పిల్లల సంక్షేమ పరిశోధన కేంద్రానికి మారాడు. తల్లి మాత్రం యూరప్‌లోనే ఉండిపోయింది. ఆవిణ్ణి బయటికి రప్పించాలని ఆయన చేసిన ప్రయత్నాలు ఫలించలేదు. నాజీల శిబిరంలో ప్రాణాలు పోగొట్టుకుంది.

చదువుకున్న దేశం, సంగీతం తెలిసిన దేశం, ఒక మనిషి వెనకాల అలా ఎలా నడిచిపోయింది? ఆ ప్రశ్న మనసులో ఉన్నవాడు ఏ రాజకీయ గ్రంథమో రాస్తాడనుకుంటాం. లెవిన్ పదేళ్ళ పిల్లల దగ్గరికి వెళ్ళాడు.

1938లో రోనాల్డ్ లిప్పిట్ అనే ఆయన శిష్యుడు అయోవాలో పిల్లల్ని చేర్చి రెండు చిన్న క్లబ్బులు పెట్టాడు. బడి అయ్యాక వచ్చి కాగితపు గుజ్జుతో నాటకాల్లో పెట్టుకునే ముఖాలు తయారు చెయ్యడం వాళ్ళ పని. ఒక క్లబ్బులో లిప్పిట్ నియంత. ఏం చెయ్యాలో, ఎవరి పక్కన ఎవరు కూర్చోవాలో అన్నీ ఆయనే చెబుతాడు. ఈ పని తర్వాత ఏ పనో ముందు చెప్పడు. మెచ్చుకున్నా తిట్టినా కారణం చెప్పడు. రెండో క్లబ్బులో ఆయనే పిల్లలతో కూర్చుని, ఏం చేద్దామో వాళ్ళనే తేల్చుకోమంటాడు. దారి తెలియకపోతే రెండు మూడు దారులు చూపించి ఎంచుకోమంటాడు. పక్కనుంచి కొందరు కూర్చుని ఎవరు ఎవరితో ఏమన్నారో, ఎలా అన్నారో నిమిష నిమిషానికీ రాసుకునేవారు.

నియంత క్లబ్బులో పిల్లలు నాయకుడి మీద తిరగబడలేదు. ఒకరి మీద ఒకరు పడ్డారు. అంతటితో ఆగక, అందరూ కలిసి ఒక పిల్లని ఎంచుకుని వేధించారు. ఆ పిల్ల క్లబ్బు మానేసింది. తర్వాత ఇంకో పిల్లని ఎంచుకున్నారు. ఆ పిల్లా మానేసింది.

ఇక్కడికొచ్చేసరికి పుస్తకం మూసేశాను. ఎందుకో చెప్పాలి.

నేను ఐదో క్లాసు చదివేటప్పుడు మా మాస్టారి చేతిలో బెత్తం ఎప్పుడూ ఉండేది. క్లాసులో సూది పడితే వినపడేది. ఇనస్పెక్టరు వస్తే "ఎంత క్రమశిక్షణ!" అని మెచ్చుకుని వెళ్ళేవాడు. నేను క్లాసు లీడర్ని. మాస్టారు ఆఫీసు గదికి వెళ్ళినప్పుడల్లా మాట్లాడినవాళ్ళ పేర్లు బోర్డు మీద రాయడం నా పని. మాస్టారి చెప్పుల చప్పుడు దూరమవగానే, అంతసేపూ ఊపిరి బిగబట్టిన క్లాసంతా ఒక్కసారి విరుచుకుపడేది, ఒకే ఒక్క పిల్ల మీద. ఆ పిల్లకి నత్తి. అందరూ ఆమెలా మాట్లాడి వెక్కిరించేవారు. నేను బోర్డు మీద మొట్టమొదట రాసే పేరు ఆమెదే. ఆమె మాట్లాడేదే కాదు. అయినా రాసేదాన్ని. మాస్టారు వచ్చి చెయ్యి చాపమనేవారు. నిజం చెప్పబోతే నత్తి అడ్డుపడేది.

సంక్రాంతి సెలవుల తర్వాత ఆ అమ్మాయి బడికి రాలేదు. "చదువు అబ్బలేదట, మానేసింది" అన్నారు. నేనూ అలాగే అనుకున్నాను. ఇన్నేళ్ళూ అలాగే అనుకున్నాను. అయోవా పిల్లల సంగతి చదివిన రోజున తెలిసింది, చదువు అబ్బకపోవడం కాదని. బెత్తం మాస్టారిదే కావచ్చు, సుద్దముక్క పట్టుకున్న చెయ్యి మాత్రం నాది.

మళ్ళీ పుస్తకం తెరిచాను. ఆ తర్వాత ఇంకా పెద్ద ఎత్తున చేశారు ఆ పరీక్షని. ఈసారి నాలుగు క్లబ్బులు, క్లబ్బుకి ఐదుగురు అబ్బాయిలు. ఆరేసి వారాలకోసారి నాయకుడు మారతాడు, పద్ధతీ మారుతుంది. నియంత కింద కొన్ని క్లబ్బులు కొట్లాటల్లో పడ్డాయి, కొన్ని నోరు మూసుకుని దిగాలుగా కూర్చున్నాయి. ఆ దిగాలు క్లబ్బులే, నాయకుడు మారగానే, కట్ట తెగినట్టు అల్లరి చేశాయి. నాయకుడు కావాలని కాసేపు బయటికి వెళ్ళి చూస్తే, నియంత క్లబ్బులో పని ఆగిపోయేది. కలిసి తేల్చుకున్న క్లబ్బులో మాత్రం ఆయన ఉన్నా లేకపోయినా సాగేది.

ఇందులో ఓ తమాషా జరిగింది. మొదట రెండు పద్ధతులే అనుకున్నారు. రాల్ఫ్ వైట్ అనే కుర్ర పండితుడు తొలిసారి ప్రజాస్వామ్య నాయకుడిగా కూర్చుని, పిల్లల్ని పూర్తిగా వాళ్ళ మానాన వదిలేశాడు. క్లబ్బు చేపల బజారైంది. ఇంకొకరైతే చివాట్లు పెట్టేవారు. లెవిన్ మాత్రం మహా సంబరపడ్డాడట, ఇది స్వేచ్ఛా కాదు, నియంతృత్వమూ కాదు, మూడోది దొరికిందని! "మా ఇంట్లో పిల్లల్ని ఏమీ అనమండీ, పూర్తి ఫ్రీడమ్" అనే తల్లిదండ్రులు వినదగ్గ సంగతి. వదిలెయ్యడమూ, కలిసి కూర్చోవడమూ ఒకటి కావు. వదిలేసిన క్లబ్బులో పనీ సరిగా జరగలేదు, పిల్లలూ సుఖపడలేదు.

ఆఖర్ని పిల్లల్ని అడిగారు, ఏ నాయకుడు నచ్చాడని. ఇరవైమందిలో పంతొమ్మిదిమంది నియంతకన్నా ప్రజాస్వామ్య నాయకుడే మేలన్నారు. ఆ మిగిలిన ఒక్కడూ మిలిటరీ ఆఫీసరు కొడుకు. వాడికి ఇంట్లో అలవాటు మరి!

లెవిన్‌ని బాగా కదిలించింది లెక్కలు కావు, పిల్లల ముఖాలు. హాయిగా నవ్వుతూ తుళ్ళుతూ ఉన్న జట్టు, నియంత చేతికి వచ్చిన అరగంటలోనే జీవం లేకుండా అయిపోవడం చూశాడాయన. పిల్లలు మారలేదు, కూర్చోబెట్టిన తీరు మారింది. నియంతృత్వాన్ని పైనుంచి రుద్దితే చాలు, ప్రజాస్వామ్యాన్ని మాత్రం నేర్చుకోవాల్సిందే, దానికి ఎక్కువ రోజులు పడుతుంది అన్నాడు.

ఇక మన వంటింటి సంగతికి వద్దాం. యుద్ధం వచ్చింది. మంచి మాంసం సైనికులకి పోతోంది. గుండెకాయ, మూత్రపిండాలు వంటివి ఎవరూ కొనకుండా మిగిలిపోతున్నాయి. అందులో బోలెడు బలముంది, జనం చేత తినిపించడం ఎలా? ఈ ప్రశ్న చూడటానికి ఆహారపు అలవాట్ల మీద ఓ కమిటీ ఉండేది. దాని కార్యదర్శి సుప్రసిద్ధ మానవశాస్త్రవేత్త మార్గరెట్ మీడ్. ఆ కమిటీ తరఫున లెవిన్ బృందం అయోవాలో పని మొదలుపెట్టింది. శాకాహారం ఇళ్ళవాళ్ళు ముఖం చిట్లించకండి, ఆ అమెరికన్ ఇల్లాళ్ళూ మీలాగే చిట్లించారు. మన దగ్గర కార్జం వేపుడు కోసం పోటీలు పడే ఇళ్ళున్నాయి గానీ, వాళ్ళకి అవి హీనమైన తిండి.

లెవిన్ ముందు ఓ చిన్న ప్రశ్న వేశాడు. ఇంట్లో తిండి ఎవరు నిర్ణయిస్తారు? బజారు నుంచి గానీ, పెరటి నుంచి గానీ, తిండి భోజనాల బల్ల మీదికి వచ్చే దారిలో కొన్ని గుమ్మాలుంటాయి. ఆ గుమ్మాల దగ్గర నిలబడేది ఎక్కువగా ఇల్లాలే అని గమనించాడు. అందుకే భర్తల్నీ పిల్లల్నీ వదిలి, ఆమె దగ్గరికి వెళ్ళాడు. ఈ గుమ్మం కాపలా అన్న మాట తర్వాత పత్రికా రచన పాఠాల్లోకీ ఎక్కింది, ఏ వార్త లోపలికి రావాలో తేల్చేది ఎవరని. దాని పుట్టుక మాత్రం వంటింట్లోనే.

ఆరు మహిళా బృందాలు. బృందానికి పదమూడు నుంచి పదిహేడుమంది. ఇంటి దగ్గర రోగుల సేవ నేర్చుకోవడానికి రెడ్‌క్రాస్‌లో చేరినవాళ్ళు. మూడు బృందాలకి చక్కటి ఉపన్యాసం చెప్పించారు. విటమిన్లు, దేశభక్తి, పొదుపు, పటాలు, ఉపన్యాసకురాలు తన ఇంట్లో ఎంత రుచిగా వండిందో, అన్నీ ఉన్నాయందులో. మిగిలిన మూడు బృందాల్లో అలెక్స్ బావెలాస్ అనే యువకుడు చర్చ నడిపాడు. "మీలాంటి గృహిణులు ఇవి వండటానికి ఎందుకు వెనకాడతారు?" అని అడిగాడు. ఉడికేటప్పుడు వాసన అన్నారు. ఆయన తినరు అన్నారు. ముందు ఇబ్బందులన్నీ బయటికి వచ్చాయి. ఆ తర్వాతే వండే పద్ధతులు చెప్పారు. చివర్లో ఈ వారంలో ఒకటైనా వండి చూసేవాళ్ళు చేతులెత్తమన్నారు. రెండు రకాలకీ ఇచ్చిన సమయం ముప్పావుగంటే.

తర్వాత వాకబు చేస్తే, ఉపన్యాసం విన్నవాళ్ళలో అంతకుముందు ఎన్నడూ వండనిది వండినవాళ్ళు నూటికి 3. చర్చించి చేతులెత్తినవాళ్ళలో నూటికి 32!

కొత్తగా తల్లులైనవాళ్ళకి, పసివాళ్ళకి చేపనూనె, నారింజ రసం పట్టమని చెప్పడంలోనూ ఇలాగే జరిగింది. ఆసుపత్రిలో ఒక్కొక్క తల్లికీ విడివిడిగా బోధించినదానికన్నా, ఆరుగురిని కూర్చోబెట్టి మాట్లాడించినదే ఎక్కువగా పనిచేసింది.

అయితే దీంట్లో మెలిక లేకపోలేదు. చర్చ బృందాలకి తర్వాత వచ్చి అడుగుతామని ముందే చెప్పారు, ఉపన్యాస బృందాలకి చెప్పలేదు. ఆ తేడా కొంత పనిచేసి ఉంటుంది కదా? 1955లో ఎడిత్ బెనెట్ అనే పరిశోధకురాలు ఈ చిక్కుముడిని విడివిడిగా విప్పి చూశారు. వట్టి చర్చ వల్ల పెద్దగా ఒరిగేది లేదు. నేను చేస్తాను అని నిర్ణయించుకోవడమూ, పక్కవాళ్ళూ అదే అనుకున్నారని తెలియడమూ అసలు సంగతులని తేలింది. మా వరండాలో జరిగిందీ అదే కదూ. పై సోమవారం చెప్పుకోవాలన్న మాట లేకపోతే ఏమయ్యేదో!

మన తెలుగు నేలకీ ఈ కథతో ఓ చుట్టరికం ఉంది. 1964లో హార్వర్డ్ విశ్వవిద్యాలయపు మనస్తత్వ శాస్త్రవేత్త డేవిడ్ మెక్లెలాండ్ కాకినాడలోని చిన్న వ్యాపారస్తులని ఎంచుకున్నాడు. హైదరాబాదులోని చిన్న పరిశ్రమల శిక్షణ సంస్థకి, అప్పట్లో సియెట్ అనేవారు, వాళ్ళని రప్పించి, ఇళ్ళకీ కొట్లకీ దూరంగా ఒక్కచోట ఉంచి, ఏదైనా సాధించాలన్న పట్టుదల పెరిగేలా తరగతులు నడిపించాడు. శిక్షణ లేనివాళ్ళకన్నా వీళ్ళు తర్వాత వ్యాపారంలో చురుగ్గా ఉన్నారని 1969లో డేవిడ్ వింటర్‌తో కలిసి పుస్తకం రాశాడు. పాతకాలపు నమ్మకాలు దీనికి అడ్డేమీ కాలేదన్నాడు. కొత్త అలవాటు నిలవాలంటే, అదే అలవాటున్న కొత్త జట్టు మనిషికి దొరకాలన్నది ఆయన సూత్రాల్లో ఒకటి. కాకినాడ కొట్టువాళ్ళకైనా అయోవా ఇల్లాళ్ళకైనా, తోడు లేనిదే మార్పు నిలవదన్నమాట.

లెవిన్ కథలో నాకు అన్నిటికన్నా నచ్చిన ఘట్టం 1946 వేసవిలోది. కనెక్టికట్ రాష్ట్రంలో న్యూ బ్రిటన్ అనే ఊళ్ళో, జాతి మత ద్వేషాలు తగ్గించడమెలాగో ఉపాధ్యాయులూ, సంఘసేవకులూ నేర్చుకునే శిబిరం పెట్టారు. పగలు వాళ్ళు జట్లుగా చర్చించేవారు. పండితులు కూర్చుని రాసుకునేవారు. సాయంత్రం పండితులు చేరి, ఇవాళ ఫలానావారు ఇలా ప్రవర్తించారు అని చెప్పుకునేవారు. ఓ సాయంత్రం శిబిరంలోవాళ్ళు కొందరు వచ్చి, మేమూ కూర్చోవచ్చా అని అడిగారు. పండితులకి ఇబ్బంది. లెవిన్ రమ్మన్నాడు. వాళ్ళలో ఒకావిడ గురించే ఎవరో ఏదో చదివారు. ఆవిడ ఊరుకోలేదు. అలా కాదు జరిగింది అని అడ్డుతగిలి తన వైపు సంగతి చెప్పింది. గది ఉలిక్కిపడింది. లెవిన్ కళ్ళు మెరిశాయి. మర్నాటి నుంచీ శిబిరంలోవాళ్ళు ఇంకా వచ్చారు. మనుషులు తమ ప్రవర్తనని తామే కలిసి చూసుకునే శిక్షణ బృందాలు అక్కణ్ణుంచే పుట్టాయి. వాటికోసం 1947 వేసవిలో మెయిన్ రాష్ట్రంలోని బెథెల్‌లో శిబిరం మొదలయ్యేసరికి ఆయన లేడు. ఆ ఫిబ్రవరిలోనే, యాభై ఆరేళ్ళకి, గుండెపోటుతో పోయాడు.

ఇవన్నీ చదివిన ఊపులో, మా అమ్మాయి పదో క్లాసు అయ్యాక ఏ గ్రూపు తీసుకోవాలన్న విషయం మీద ఇంట్లో సభ పెట్టాను. మావారూ నేనూ ఎదురుగా కూర్చుని, "నీ ఉద్దేశం ఏమిటమ్మా?" అని ఎంతో ప్రజాస్వామ్యంగా అడిగాం.

అది మమ్మల్నిద్దర్నీ చూసి, "కాలేజీ ఫారం మీద ఎంపీసీ అని నాన్న నిన్ననే రాసేశారుగా, ఇంక నన్ను అడగడమెందుకూ?" అంది.

మా ముఖాలు చూడాలి! న్యూ బ్రిటన్‌లో ఆ ఆడమనిషి అడ్డుతగిలినప్పుడు పండితుల ముఖాలు ఎలా మారి ఉంటాయో నాకు అర్థమైంది. ముందే తేల్చేసుకుని పెట్టే చర్చ, ఉపన్యాసం కన్నా అన్యాయం. ఉపన్యాసంలో కనీసం దాపరికం లేదు. మావారు లేచి వెళ్ళి ఆ ఫారం తెచ్చి చింపేశారు. ఇంకా ఏదీ తేలలేదు. రోజూ మాట్లాడుకుంటున్నాం.

మూల కూర్చుని రొట్టె కూరలో నానబెట్టుకుంటున్న అత్తయ్యగారు ఆ రోజు నెమ్మదిగా అన్నారు: "ఆరు నెలలు నాకు చెప్పావు కానీ, రాత్రి అన్నం ఎందుకు కావాలని ఒక్కసారీ అడగలేదు కదే అమ్మాయ్."

"ఎందుకత్తయ్యా?" అన్నాను.

"ఆకలేసి అర్ధరాత్రి మెలకువొస్తుందని భయం. వంటింట్లో లైటు వేసి గిన్నెలు కదిపితే, పొద్దున్నే లేచేదానివి, నీ నిద్ర పాడవుతుందని."

ఆ రాత్రి నుంచీ ఆవిడ మంచం పక్కన ఓ గ్లాసు పల్చటి మజ్జిగ మూతపెట్టి ఉంచుతున్నాను. నిమిషం పని. దానికి ఆరు నెలలు పట్టింది నాకు.